కీబోర్డు మీద తెలుగు: అమరికల చరిత్ర, రచయిత అవసరం

శిల్పం గురించి, దృక్పథం గురించి, భాష ఎవరిది అన్న ప్రశ్న గురించి మనం చాలా కాలంగా చర్చించుకుంటూనే వున్నాం. రాసే సాధనం గురించి మాత్రం పెద్దగా చర్చించలేదు. కలం, కాగితం వున్నంత కాలం ఆ అవసరం రాలేదు. కలానికి అక్షరాల వరుస లేదు. చేయి ఎటు తిరిగితే ఆ అక్షరమే కాగితం మీద పడుతుంది. యంత్రం సంగతి వేరు. దాని మీద ప్రతి అక్షరానికీ ఒక చోటుంటుంది, ఆ చోటును ముందుగానే ఎవరో నిర్ణయించి వుంటారు. ఏ అక్షరం వేలి కింద వుండాలి, ఏది మూలకు పోవాలి, ఏది అసలు వుండనక్కర్లేదు అని తేల్చినవాళ్లు మన భాషను ఎలా అర్థం చేసుకున్నారో ఆ అమరికే చెప్తుంది. యీ విషయాన్ని డీటీపీ ఆపరేటర్లు చూసుకునే పని అని మనం వదిలేశాం. వదిలేసినందువల్ల జరిగిన నష్టం చిన్నది కాదని నా అభిప్రాయం.

నాకీ సంగతి పుస్తకాలవల్ల తట్టలేదు. అనంతపురం జిల్లాలో ఒక పల్లె హైస్కూల్లో తెలుగు చెప్తూ, అక్కడి కంప్యూటర్ మీద పిల్లలచేత తెలుగు రాయించబోయి చిక్కుల్లో పడినప్పుడు తట్టింది. ఆ చిక్కుల దగ్గరికి తర్వాత వస్తాను.

పప్పూరి రామాచార్యులు 1926లో అనంతపురంలో 'శ్రీ సాధన పత్రిక' ప్రారంభించారు. అవి చేతి కంపోజింగు రోజులు. కంపోజిటర్ ముందు వందల అరల కేసు వుండేది. గుణింతానికొక అచ్చు, వత్తుకొక అచ్చు, సంయుక్తాక్షరాలకు వేరే అచ్చులు. తరచుగా వచ్చేవి చేతికి దగ్గరగా, అరుదుగా వచ్చేవి దూరంగా వుండేవి. అక్షరాల అమరిక అనే శాస్త్రం కంపోజిటర్ చేతి వాడకంలోనే వుంది, దానికెవరూ పేరు పెట్టలేదు. కేసులో లేని అక్షరం కావాలంటే పోత పోయించుకోవచ్చు, కేసుకు యింకొక అర చేర్చుకోవచ్చు. అక్షరాల సంఖ్యకు గట్టి హద్దు టైపు యంత్రంతోనే వచ్చింది.

అమెరికాలో క్రిస్టఫర్ షోల్స్, ఆయన సహచరులు 1868లో టైపు యంత్రానికి పేటెంటు పొందారు. రెమింగ్టన్ కంపెనీ 1874లో దాన్ని అమ్మకానికి పెట్టింది. యివాళ్టికీ మన కంప్యూటర్ల మీద వున్న 'క్వెర్టీ' వరుస ఆ యంత్రం నుంచి వచ్చిందే. టైపు చేసేవాళ్ల వేగాన్ని తగ్గించడానికే అక్షరాలను అలా చిందరవందర చేశారని ఒక కథ ప్రచారంలో వుంది, చరిత్రకారులందరూ దాన్ని ఒప్పుకోరు. కారణం ఏదైనా, ఆ వరుస వేళ్ల సౌకర్యాన్ని చూసి పెట్టింది కాదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం బోధించిన ఆగస్ట్ డ్వోరాక్ యీ సంగతి మీద పనిచేసి, 1936లో విలియం డీలీతో కలిసి మరొక అమరికకు పేటెంటు పొందాడు. అందులో ఇంగ్లీషు అచ్చులన్నీ ఎడమ చేతి వేళ్ల కింద నడిమి వరుసలో వుంటాయి, ఎక్కువగా వాడే హల్లులు కుడి చేతి కింద వుంటాయి. హల్లు ఒక చేత్తో, అచ్చు ఇంకో చేత్తో పడుతూ వుంటే రెండు చేతులూ వంతులవారీగా నడుస్తాయి. ఆలోచన మంచిదే. కానీ అప్పటికే ఆఫీసులన్నిట్లో పాత యంత్రాలున్నాయి, ఇన్‌స్టిట్యూట్లన్నీ పాత వరుసే నేర్పుతున్నాయి, వేళ్లకు పాత వరుసే అలవాటైంది. కొత్త అమరిక నిలదొక్కుకోలేకపోయింది. యీ డ్వోరాక్‌ను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, ఆయన ఆలోచన యాభై ఏళ్ల తర్వాత మన దేశంలో యింకో రూపంలో కనిపిస్తుంది.

తెలుగు టైపు యంత్రం అవసరం ఉద్యమాలు, చట్టాలు వచ్చాక పెరిగింది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య తొలి అధ్యక్షుడుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. తాలూకా కచేరీలో తెలుగులో ఉత్తరం రావాలంటే యంత్రం కావాలి, యంత్రం ఎక్కిన మనిషికి శిక్షణ కావాలి. ఇంగ్లీషు కోసం చేసిన నలభై చిల్లర మీటల చట్రంలోకి యాభై ఆరు అక్షరాల వర్ణమాల, దాని గుణింతాలు, వత్తులు అన్నీ దూరాలి. దూర్చారు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు విడివిడిగా మీటల మీదికెక్కాయి. కొన్ని మీటలు నొక్కితే క్యారేజి కదలదు, గుర్తు మాత్రం పడుతుంది, దాని మీద తర్వాతి ముక్క పడుతుంది. అక్షరాన్ని పలికే క్రమంలో కాకుండా గీసే క్రమంలో ముక్కలుగా పేర్చడం అక్కడ మొదలైంది.

ఇంటర్ అయ్యాక నేను అనంతపురంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు లోయర్ నేర్చుకున్నాను. రేకుల షెడ్డులో పదిహేను మిషన్లు, పక్కన వానలేని జూన్ నెల. మా వూరి నుంచి బస్సులో వచ్చేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు రాదు, ఐనా తెలుగు మిషన్ మీద వేళ్లు పరుగెత్తేవి. సాంకేతిక విద్యా మండలి పరీక్ష పాసైతే ఉద్యోగం వస్తుందని ఆశ. ఉద్యోగాలు రాలేదనుకోండి. గోద్రెజ్ కంపెనీ 1955లో మొదలుపెట్టిన టైపు మిషన్ల తయారీని 2009లో ఆపేసింది. ఐతే ఒక విషయం చెప్పక తప్పదు. తెలుగు మాత్రమే వచ్చిన మనిషి, ఇంగ్లీషు అక్షరం తలవకుండా, యంత్రం మీద తెలుగు రాయగలిగిన కాలం అది.

1990ల్లో కంప్యూటర్లు అచ్చుశాలల్లోకి వచ్చాయి. కంపోజిటర్లు పోయి డీటీపీ ఆపరేటర్లొచ్చారు. అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లతో తెలుగు పత్రికలు, పుస్తకాలు, పెళ్లి పత్రికలు, కరపత్రాలు తయారయ్యాయి. ఆపరేటర్లు 'ఆపిల్' అనీ 'మాడ్యులర్' అనీ పిలుచుకునే అమరికలు యీ దుకాణాల్లోనే స్థిరపడ్డాయి. యిప్పటికీ వాటి మీద నడిచే చేతులు రాష్ట్రంలో ఎన్నో వున్నాయి. వాళ్ల వేగం చూసి నేను చాలాసార్లు ముక్కున వేలేసుకున్నాను. తెలుగు సాహిత్యం ఒక తరం పాటు వాళ్ల వేళ్ల మీదుగానే అచ్చుకెక్కింది, మన పుస్తకాల మొదటి పేజీలో 'డీటీపీ' అనే ఒక్క ముక్క తప్ప వాళ్ల ప్రస్తావన ఎక్కడా కనిపించదు.

కానీ ఆ కాలపు ఫాంట్లకు ఒక పుట్టు లోపముంది. అవి తెలుగు అక్షరాన్ని అక్షరంగా దాచుకోవు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూరిపెడతాయి. ఆ ఫాంటు వున్న యంత్రంలో తెరిస్తే తెలుగు, లేని యంత్రంలో తెరిస్తే ఇంగ్లీషు పిచ్చిగీతలు. కరువు మీద మా జిల్లా కవులు రాసిన కవితలను 2003లో ఒక సంకలనంగా వేశాం. పదేళ్ల తర్వాత మళ్లీ వేద్దామని సీడీ బయటికి తీస్తే ఫైలు తెరుచుకుంది, తెలుగు మాత్రం కనబడలేదు. డీటీపీ చేసిన దుకాణం ఎప్పుడో మూతపడింది. ఆ ఫాంటు ఏదో చెప్పగల మనిషి దొరకలేదు. నూటయిరవై పేజీలు మళ్లీ మొదటి నుంచి కొట్టించాం. యిలాంటి ఫైళ్లను మార్చడానికి వెన్న నాగార్జున తయారు చేసిన 'పద్మ' అనే పరికరం అప్పటికే వుంది, అది మాకు తెలిసేసరికి ఆలస్యమైంది. సాహిత్య సంఘాల దగ్గర ఎన్ని ప్రత్యేక సంచికలు యీ స్థితిలో పడి వున్నాయో ఒకసారి చూసుకోవడం మంచిది.

యిక అసలు విషయానికి వస్తాను. డీటీపీ దుకాణాలకంటే ముందే ప్రభుత్వ రంగంలో మరొక పని జరిగింది. ఐఐటీ కాన్పూరులో 1980ల తొలి సంవత్సరాల్లో భారతీయ లిపుల మీద పరిశోధన సాగింది. దాని వెంట కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో 'ఇన్‌స్క్రిప్టు' అనే అమరికను ప్రకటించింది, 1988లో సవరించింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా తీసుకుంది. అన్ని భారతీయ లిపులకూ ఒకే అమరిక. తెలుగులో 'క' ఏ మీట మీద వుందో కన్నడంలో, హిందీలో, బెంగాలీలో కూడా 'క' అక్కడే వుంటుంది. మాలాగా కన్నడ సరిహద్దులో బతికేవాళ్లకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

మొదటిసారి చూస్తే దీని వరుస గందరగోళంగా అనిపిస్తుంది. కాస్త ఆగి చూస్తే మన వర్ణమాల బయటపడుతుంది. కుడి చేతి కింద నడిమి వరుసలో ప, ర, క, త, చ, ట. ఒక్క 'ర' తప్ప మిగతావన్నీ వర్గంలో మొదటి అక్షరాలు. వాటికి సరిగ్గా పై వరుసలో, ప మీద బ, క మీద గ, త మీద ద, చ మీద జ, ట మీద డ. అంటే వర్గంలో మూడో అక్షరం. షిఫ్టు నొక్కితే ఒత్తి పలికే జత అక్షరం వస్తుంది, క దగ్గర ఖ, గ దగ్గర ఘ. న, మ, ల, వ, స, య కింది వరుసలోకి పోయాయి. ఎడమ చేతి కింద గుణింతపు గుర్తులు. గుడి మీద గుడిదీర్ఘం, కొమ్ము మీద కొమ్ముదీర్ఘం. అదే మీటను షిఫ్టుతో నొక్కితే ఆ గుర్తుకు చెందిన అచ్చు. పొల్లు నడిమి వరుసలోనే వుంది, వత్తు కావాలంటే హల్లు, పొల్లు, హల్లు. అంతే. 'కఖగఘ' నేర్చుకున్న రెండో తరగతి పిల్లకు యీ బొమ్మ అర్థమవుతుంది. పలికే క్రమమే రాసే క్రమం.

హల్లు కుడి చేత్తో, గుణింతం ఎడమ చేత్తో. డ్వోరాక్ 1936లో ఇంగ్లీషుకు చేసిందే యిక్కడ మన లిపుల స్వభావం నుంచి మరింత సహజంగా వచ్చింది, ఎందుకంటే మన అక్షరమే హల్లూ అచ్చూ కలిసిన ముద్ద. డ్వోరాక్‌కు పట్టిన గతే దీనికీ పట్టడం చూస్తే చరిత్రకు వ్యంగ్యం తెలుసనిపిస్తుంది.

ఇన్‌స్క్రిప్టును నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. దానిలో తెలుగుకు జరిగిన అన్యాయం ఒకటుంది. హ్రస్వ ఎ, ఒ లు సంస్కృతంలో లేవు, హిందీ రాతకూ అక్కర్లేదు. తెలుగుకు అవి లేకపోతే రోజు గడవదు. అందరికీ ఒకే చట్రం అన్నప్పుడు యీ రెంటినీ మూలలకు తోశారు. ఎత్వం ఎడమవైపు కింది మూలలో, ఒత్వం పైన అంకెల వరుసకు ఆ చివర. 'ఏ'త్వమూ 'ఓ'త్వమూ మాత్రం నడిమి వరుసలో హాయిగా కూర్చున్నాయి. కొడుకు, కొండ, రొట్టె, దొర, గొర్రె, తొలకరి, ఒక, ఒరే — మా వూరి మాటల్లో సగం చిటికెన వేలును మూలకు లాగేవే. ఢిల్లీలో కూర్చుని దేశమంతటికీ ఒకే పట్టిక గీస్తే ద్రావిడ భాషల చిన్న అచ్చులు ఎక్కడికి పోతాయో యీ మీటలే సాక్ష్యం.

పాత అక్షరాల పరిస్థితి యింకా దిగువన వుంది. చాప, చుక్క, జొన్న అనేటప్పుడు మనం పలికే దంత్య చ, జ లను నిఘంటుకారులు గుర్తు పెట్టి వేరుచేశారు. ఆ ౘ, ౙ లు 2008లోగానీ యూనికోడ్‌లోకి రాలేదు. కడప జిల్లా కలమళ్ల శాసనం తెలుగులో తొలి శాసనంగా పేరుపొందింది, ఆరో శతాబ్దిది. రేనాటి చోళుల శాసనాల్లో కనిపించే 'ఴ' అక్షరానికి కంప్యూటర్లో చోటు దొరికింది 2014లో. రాతి మీద పద్నాలుగు వందల ఏళ్లు నిలిచిన సీమ అక్షరం మీట కోసం యిన్నాళ్లు కాచుకుంది.

1991లో వచ్చిన యూనికోడ్‌లో తెలుగు మొదటి నుంచీ వుంది. ఐనా మామూలు మనిషి కంప్యూటర్లోకి అది దిగింది 2001లో విండోస్ ఎక్స్‌పీతో. గౌతమి అనే ఫాంటు, దానితో ఇన్‌స్క్రిప్టు. ఐతే కంట్రోల్ ప్యానెల్లో ఒక గడిలో టిక్కు పెట్టి, అసలు సీడీ పెడితేగానీ తెలుగు మేల్కొనేది కాదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను, తనదైన ఒక అమరికను ఉచితంగా యిచ్చారు. మరోవైపు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో 1990ల మొదట్లో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ వంటివారు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిని రూపొందించారు. ఆర్టీఎస్ అనేది దాని పేరు. 2006లో వీవెన్ చేసిన 'లేఖిని' ఆ దారిని అందరికీ తెరిచింది. డబ్బు ఆశించకుండా చేసిన సేవ యిది. యీ పద్ధతే లేకపోతే యింటర్నెట్‌లో తెలుగు వెలుగు అంత త్వరగా వచ్చేది కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ ఆ పద్ధతి ఎవరి చేతుల్లో పుట్టిందో చూడాలి. ఇంగ్లీషు కీబోర్డు మీద వేళ్లు అప్పటికే కుదిరిన ఇంజనీర్లు, విద్యార్థులు తమకు వీలైన దారి వేసుకున్నారు. వాళ్ల వరకు అది సహజం. ఆ దారే అందరి దారి అయినప్పుడు ప్రశ్న వస్తుంది. తెలుగు బడిలో చదివిన పిల్ల 'అమ్మ' రాయాలంటే ముందు ఏ, ఎమ్, ఎమ్, ఏ అని ఇంగ్లీషులో విడగొట్టుకోవాలి. 'త'కు చిన్న టీ, 'ట'కు పెద్ద టీ అని గుర్తుపెట్టుకోవాలి. తన భాషలోకి పోవడానికి పరాయి గడప తొక్కాలి. మా యింటర్ రోజుల టైపు మిషన్ల మీద ఈ సుంకం లేదు.

రచయితలకు మరింత దగ్గరి చిక్కు ఫోన్లలో వుంది. అక్కడ ఇంగ్లీషులో కొడితే యంత్రం ఊహించి ఒక తెలుగు మాట చూపిస్తుంది. ఎక్కువమంది వాడిన మాట ముందుకొస్తుంది. 'యాడికి పోతాండావు' అని కొట్టబోతే అది దిద్దడానికి చూస్తుంది. 'చెనిక్కాయ'ను వేరేదేదో చేస్తుంది. 'వాండ్లు' వాళ్లయిపోతారు. సింగమనేని నారాయణ నుంచి బండి నారాయణస్వామి దాకా అనంతపురం కథకులు పట్టుదలతో అచ్చుకెక్కించిన పలుకుబడి యిది. పత్రికల వాళ్లు దిద్దకుండా కాపాడుకోవడానికి ఒక తరం పోరాడింది. యిప్పుడు దిద్దేవాడు కనిపించడు, వాదించడానికి చిరునామా కూడా లేదు. నేరుగా అక్షరం కొట్టే అమరికలో యీ బెడద వుండదు. నొక్కిందే పడుతుంది, తప్పైతే మన తప్పు. మాండలికంలో రాసే రచయిత కీబోర్డు అమరికను సాంకేతిక విషయమని పక్కన పెట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఆలోచించాలి.

యిక మా బడి సంగతి. బల్ల మీద నాలుగు కంప్యూటర్లున్నాయి, మూడు పనిచేస్తాయి. యీ రోజుల్లో అమర్చుకోవడం పెద్ద పని కాదు. సెట్టింగుల్లో భాషల దగ్గరికి పోయి తెలుగు చేర్చితే ఇన్‌స్క్రిప్టు వస్తుంది. 2019 నుంచి విండోస్‌లో ఇంగ్లీషు ఉచ్చారణ పద్ధతి కూడా పక్కనే వుంది. విండోస్ మీటనూ స్పేస్‌బారునూ కలిపి నొక్కితే ఒకదాన్నుంచి ఒకదానికి మారొచ్చు. ఒక యంత్రంలో లినక్స్ వేశాం, అందులో ఆపిల్, ఇన్‌స్క్రిప్టు, పోతన, ఆర్టీఎస్ అన్నీ ఎంచుకోవచ్చు. అక్కడ అమరిక అంటే మామూలు పాఠంలా తెరిచి చదవగలిగే ఒక ఫైలు, ఏ మీటకు ఏ అక్షరమో వరుసగా రాసి వుంటుంది. అది చూశాక నాకు ఆశ పుట్టింది. ఒత్వాన్ని మూల నుంచి విడిపిద్దామనిపించింది. విండోస్‌లో అమరికలు మార్చుకోవడానికి మైక్రోసాఫ్టు యిచ్చిన ఉచిత పరికరంతో, తెలుగులో అరుదుగా వచ్చే ఔత్వాన్ని మూలకు పంపి దాని చోట్లో ఒత్వాన్ని కూర్చోబెట్టాను. రెండు గంటల పని. 'కొండ' హాయిగా పడింది. చాలా సంతోషించాను.

ఆ సంతోషం వారం నిలవలేదు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నా అమరిక మీద బాగా కుదురుకుంది. వాళ్ల అమ్మానాన్నలు బెంగుళూరులో కట్టుబడి పనికి పోతారు, పిల్ల అవ్వ దగ్గర వుంటుంది. దసరా సెలవుల్లో బెంగుళూరు పోయి, అక్కడ తెలిసినవాళ్ల కంప్యూటర్లో తెలుగు పెట్టుకుని కూర్చుందట. "సార్, ఆడ ఒత్వం దొరకల్యా. కొడితే ఇంగొకటి పడతాంది" అంది తిరిగొచ్చి. నేను బాగుచేశాననుకున్నది మా గది గోడలు దాటలేదు. మంచి అమరిక కంటే అన్నిచోట్లా వుండే అమరికే ఆ పిల్లకు ముఖ్యం. మర్నాడు నా సవరణ తీసేసి ప్రమాణాన్నే పెట్టాను. ఆ అమరికను సవరించే మాట ఎత్తాల్సిన చోటు ప్రమాణాలు తయారుచేసే సంఘాలు. అక్కడ కూర్చుని తెలుగు తరపున మాట్లాడేవాళ్లలో రచయితలు, భాషాధ్యాపకులు ఎందరున్నారని మన సంఘాలు అడగడం మొదలుపెట్టవచ్చు.

తెల్ల కాగితం ముక్కల మీద అక్షరాలు రాసి మీటలకు అంటించాం. క, త, ర ముక్కలు నెలకే అరిగిపోతాయి. ఝ, ఢ కొత్తగానే వుంటాయి. ఆ పిల్ల యిప్పుడు వాళ్లవ్వ చెప్పిన కథ ఒకటి కొడుతోంది, చెనిక్కాయ బుడ్డలు వొలిచేటప్పుడు చెప్పేదట. ఒత్వం దగ్గర చిటికెన వేలు ఆగుతుంది, వెతుక్కుంటుంది, మళ్లీ కదులుతుంది. మూడు పేజీలయ్యింది, అవ్వ మాట ఒక్కటీ మారలేదు.